గుంటూరు ఎండల్లో ఫ్లోరెసెంట్ యాంటీబాడీలు: ఆరేళ్ల వాడకం తరువాత

మూడేళ్ల కిందట జూన్‌లో ఒక ఉదయం రంగు యాంటీబాడీలు అంటించిన కణాలను లేజర్ కింద ఒక్కొక్కటిగా చదివే మా ఫ్లో సైటోమీటర్ తెర మీద ఉండకూడని కణాల గుంపు ఒకటి కనిపించింది. సీడీ4, సీడీ8 అనే ఉపరితల ప్రొటీన్ గుర్తులు రెండూ ఉన్న టి కణాలు (రోగనిరోధక శక్తికి పనిచేసే తెల్ల రక్తకణాలు). ఆరోగ్యవంతుల రక్తంలో ఇలాంటివి చాలా కొద్దిగా ఉంటాయి. ఆ రోజు మాత్రం సీడీ8 కణాలన్నీ మూకుమ్మడిగా సీడీ4 వైపు జరిగిపోయాయి. మా పరిశోధక విద్యార్థిని సంబరపడింది. నాకు మాత్రం అనుమానం వచ్చింది, ఎందుకంటే ఆ రక్తం నాదే. నెల ముందు చూసినప్పుడు నాలో అలాంటి వింతలేవీ లేవు.

మేము సీడీ4కు పీఈ అనే రంగు, సీడీ8కు పీఈ-సై7 అనే రంగు అతికించిన యాంటీబాడీలు (ఆ గుర్తులను వెతికి పట్టుకునే ప్రొటీన్లు) వాడుతున్నాం. ఈ రెండోది జంట రంగు. పీఈ లేజర్ కాంతిని పీల్చుకుని ఆ శక్తిని పక్కనున్న సై7కు అందిస్తుంది, సై7 దాదాపు 785 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. వేడికో వెలుతురుకో సై7 పాడైతే శక్తిని అందుకునే దిక్కులేక పీఈ తన సొంత రంగులోనే, 578 దగ్గర వెలుగుతుంది. యంత్రం దాన్ని సీడీ4 అనుకుంటుంది. పీఈ-సై7 ఒక్కటే కలిపిన ట్యూబును నడిపి చూశాను. పీఈ వైపు కూడా ధగధగలాడింది. కొత్త కణాల కథ అక్కడితో ముగిసింది.

ఆ పీఈ-సై7 సీసా మే నెలలో వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఊరు చేరి, సోమవారం దాకా కొరియర్ గిడ్డంగిలో పడి ఉంది. పెట్టె విప్పితే మంచు సంచులు గోరువెచ్చని నీళ్లు. అప్పుడే పరీక్షించి తిప్పి పంపవలసింది. మా శాఖలో సహాయకుడి నెల జీతానికి మించిన ధర కదా, పారేయడానికి మనసొప్పలేదు. తప్పు నాదే.

అందుకే పీఈ-సై7కు నేను వేసే మార్కులు తక్కువ. రంగు గొప్పదే, మా ఊరి ఎండ దానికి పడదు. ఇప్పుడు నవంబరు, ఫిబ్రవరి మధ్యనే తెప్పిస్తున్నాను, అదీ సోమవారం బయలుదేరేలా. ఒక తయారీ విడతకూ మరొక విడతకూ శక్తిని అందించే తీరు మారుతుంది కాబట్టి పాత కాంపెన్సేషన్ లెక్కలు (ఒక రంగు వెలుగు మరొక రంగు వైపు చిందిన మేరకు తీసివేసేవి) కొత్త సీసాకు పనికిరావు. పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచిన కణాలను మర్నాటికి వాయిదా వేయడం కూడా మానేశాను.

పీఈ దగ్గరకు వస్తే నాకు పక్షపాతం ఉంది, దాచను. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసే ఈ ప్రొటీన్‌కు సాటి వచ్చే వెలుగు మా రెండు లేజర్ల యంత్రంలో మరొకటి లేదు. సీడీ25 లాంటి మసక గుర్తులకు దీన్నే ఉంచుతాను. దండిగా ఉండే సీడీ3కి ఇంత వెలుగు వృథా. ఎరుపు లేజర్‌కు పలికే ఏపీసీ అనే మరో రంగు కూడా నమ్మకమైనదే, 660 దగ్గర శుభ్రంగా విడిగా కనిపిస్తుంది.

ఈ రెండింటికీ ఉన్న శత్రువు ఫ్రీజర్. ఒకసారి మా అటెండర్ బాబాయ్, ఖరీదైన మందు కదా అని, పీఈ సీసాను మైనస్ ఇరవైలో భద్రంగా దాచిపెట్టారు. మర్నాడు సగం వెలుగు పోయింది. ఆయనది మిర్చి పండించే కుటుంబం. నేను గంటసేపు ప్రొటీన్ల గురించి చెప్పినా తలకెక్కనిది ఒక్క మాటతో తేలింది: "బాబాయ్, కాయ రంగు పోకూడదని కోల్డ్ స్టోరేజీలో పెడతారు గానీ, గడ్డకట్టించరు కదా!" "అట్లా చెప్పండమ్మా ముందే" అన్నారు. అప్పటి నుంచి ఈ సీసాలు 4 డిగ్రీల ఫ్రిజ్‌లో, అల్యూమినియం రేకు చుట్టుకుని, తలుపుకు దూరంగా లోపలి అరలో ఉంటున్నాయి. కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్ తలుపు తెరవకుండా కాపలా కాసేది కూడా ఆయనే.

ఎఫ్‌ఐటీసీ అనే రంగుది వీటన్నింటికంటే పాత వంశం. 1940ల మొదట్లోనే ఆల్బర్ట్ కూన్స్ బృందం ఫ్లోరెసీన్ కుటుంబపు రంగును యాంటీబాడీకి అతికించింది. చవక, మొండిది, ప్రయాణాన్ని తట్టుకుంటుంది. ఆమ్ల ద్రావణంలో మసకబారుతుంది, సూక్ష్మదర్శిని కింద చూస్తుండగానే వెలిసిపోతుంది. సీడీ3కి చాలు, అంతకుమించి అడగను.

డబ్బు మిగిల్చిన సంగతి ఒకటుంది. మేము కొన్న పీఈ సీడీ4 సీసా మీద పరీక్షకు 5 మైక్రోలీటర్లు అని ఉంది. ఒకే రక్తంతో 5, 2.5, 1.25, 0.6 చొప్పున వేసి చూశాను. కణాల సంఖ్య, ద్రావణం పరిమాణం మాత్రం మార్చలేదు. మా పద్ధతిలో 1.25 దగ్గర వెలిగే కణాలకూ వెలగని కణాలకూ మధ్య ఎడం అన్నిటికంటే బాగా వచ్చింది. 5 దగ్గర వెలిగేవి కాస్త పెరిగాయి గానీ, వెలగకూడనివి అంతకంటే ఎక్కువగా పైకి లేచాయి. వంద పరీక్షల సీసా నాలుగు వందలకు వచ్చింది. ఈ అంకెను ఎవరూ కాపీ కొట్టకండి, ప్రతి సీసాకూ మళ్లీ చేయవలసిందే. నేను రెండేళ్లపాటు బద్ధకించి పోసిన మందు తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

తిరిగి కొనేటప్పుడు సీడీ4 అని చూసి సరిపెట్టుకోకండి, క్లోన్ (ఆ యాంటీబాడీని తయారుచేసే కణాల వంశం) పేరు చూడండి. ఎస్‌కే3, ఆర్‌పీఏ-టీ4 రెండూ సీడీ4నే పట్టుకుంటాయి, కానీ అవి వేర్వేరు యాంటీబాడీలు. అధ్యయనం మధ్యలో మారిస్తే పాత అంకెలకూ కొత్త అంకెలకూ పొత్తు కుదరకపోవచ్చు. పాత సీసా అడుగున నాలుగు చుక్కలు ఉండగానే కొత్తదాన్ని పక్కన పెట్టి ఒకే రక్తంతో నడుపుతాను. ఆ రక్తం ఇప్పటికీ నాదే.

ఈ చలికాలానికి పీఈ రెండు, ఏపీసీ ఒకటి, ఎఫ్‌ఐటీసీ ఒకటి ఆర్డరు రాశాను. పీఈ-సై7 అతి చిన్న సీసా ఒక్కటే.