జీఎస్‌టీ యాంటీబాడీ కొంటున్నారా? నాలా మునగకండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి. పేరు రాయను. బెంగళూరు ల్యాబుల్లో తిరిగేవాళ్లకి ఆ డీలరెవరో చెప్పక్కర్లేదు. "మాది హిందూపురం వైపే అన్నా" అన్నాడు. ఆ ఒక్క ముక్కకే పడిపోయాను.

మార్చి 31 లోపు గ్రాంటు డబ్బు ఖర్చయిపోవాలి, మా గైడ్ మేడమ్ తొందర. ఎలుక కాలేయంలో జీఎస్‌టీ ఆల్ఫా చూడాలి, దాన్నే వెతికి పట్టుకునే యాంటీబాడీ కావాలి. పన్ను కాదండీ, గ్లూటాథయోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజ్. విషాలకి గ్లూటాథయోన్ తగిలించి బయటికి సాగనంపే ఎంజైమ్, ఆల్ఫా అందులో ఒక రకం. పీఓలో, అంటే కొనుగోలు ఆర్డరులో, ఆల్ఫా అని రాశాం. 100 మైక్రోలీటర్లు, 38 వేలు. దాని మీద అసలు జీఎస్‌టీ వేరే!

మూడు బ్లాట్లు వేశాను, అంటే ప్రొటీన్లని సైజు వారీగా విడదీసి, మెంబ్రేన్ మీదికెక్కించి, యాంటీబాడీతో వెతకడం. పోలిక కోసం చూసే యాక్టిన్ ప్రొటీన్ 42 కిలోడాల్టన్ల దగ్గర చక్కగా కనబడింది. జీఎస్‌టీ రావాల్సిన 25 దగ్గర మాత్రం బోసి. కాలేయంలో కుప్పలుగా ఉండే ఎంజైమ్ రాకపోవడమేంటి? ట్రాన్స్‌ఫర్ సరిగా అవలేదనుకున్నా, బ్లాకింగ్ ఎక్కువైందనుకున్నా. రాత్రి పదకొండింటికి తడి మెంబ్రేన్ ఫోర్సెప్స్‌తో పట్టుకుని నన్ను నేనే తిట్టుకున్నా. నాలుగోసారి పక్క బెంచీ అమ్మాయి ఈ-కోలై బ్యాక్టీరియాలో చేసిన ప్రొటీన్ ఒక లేన్‌లో వేస్తే చిచ్చుబుడ్డిలా వెలిగింది. దానికున్నది జీఎస్‌టీ ట్యాగ్, ప్రొటీన్‌ని తేలిగ్గా వేరుచేయడానికి అతికించే తోక. అప్పుడు తెరిచాను డేటాషీట్, మహా మేధావిని కదా! ఇమ్యునోజెన్ (యాంటీబాడీ పుట్టించడానికి వాడిన ప్రొటీన్) అన్న చోట షిస్టోసోమా జపోనికం అని ఉంది. రక్తనాళాల్లో బతికే పురుగు. ట్యాగ్‌గా వాడే జీఎస్‌టీ దానిదే. సైజు కూడా ఇంచుమించు ఒకటే, 26 కిలోడాల్టన్లు.

ఫోన్ చేశాను.

"జీఎస్‌టీ అడిగారు, జీఎస్‌టీ ఇచ్చాం."

"పీఓలో ఆల్ఫా అని ఉంది కదా."

"అది స్టాక్ లేదు సార్. మీరే అర్జెంట్ అన్నారు, ఈక్వివలెంట్ పంపాం."

అన్నా పోయి సార్ వచ్చింది, గమనించారా? ఎలుకకీ పురుగుకీ ఈక్వివలెంట్ ఏంటయ్యా అంటే నవ్వాడు. నిజంగా నవ్వాడు. "పీహెచ్‌డీ చేస్తున్నారు, బుడ్డి మీద ఏం రాసుందో చూసుకోవద్దా సార్? ఓపెన్ చేశాక రిటర్న్ ఉండదు." పెట్టేశాడు. డబ్బు పోయినదానికంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది, ఎందుకంటే అందులో సగం నిజం. నేను చూడలేదు.

మేడమ్‌కి ఇంకా చెప్పలేదు. రేపు చెప్పాలి.

మీరైతే క్యాటలాగ్ నంబరు మీరే రాయండి, ఇమ్యునోజెన్ లైను చదవండి, "ఈక్వివలెంట్ ఒప్పుకోం" అని పీఓలోనే పెట్టించండి. సీల్ తీయకముందు ఫోటో తీసుకోండి.

ఎవరికైనా ట్యాగ్ బ్లాట్లుంటే చెప్పండి. 80 మైక్రోలీటర్లు మైనస్ 20లో అలాగే ఉంది.