చండీగఢ్ కుర్చీ: ఆరేళ్ళ తరువాత ఒక ఫిర్యాదు

నా కుర్చీ, 1950లలో చండీగఢ్ ప్రభుత్వ కార్యాలయాల కోసం చేయించిన టేకు కుర్చీలకు కొత్తగా చేసిన నకలు. కొన్న కొత్తలో దీని గురించి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గొప్పగా చెప్పాను. ఆ మాటల్లో సగం ఇప్పటికీ నిలబడతాయి. మిగతా సగం ఈ మధ్యే వెనక్కి తీసుకున్నాను.

కాళ్ళ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. జామెట్రీ బాక్సులోని కంపాసును తెరిచి నిలబెట్టినట్టుండే ఆ టేకు కాళ్ళను ఫొటోల్లో మీరూ చూసే ఉంటారు. నేను చెప్పదలచుకున్నది కూర్చునే చోటు గురించి, ఆ పేము అల్లిక గురించి.

మాది విశాఖపట్నం. ఇక్కడ మే నెల మధ్యాహ్నం స్పాంజి సోఫాలో పది నిమిషాలు కూర్చుంటే చీర వీపుకు అంటుకుపోతుంది. ఈ కుర్చీలో ఆ బాధ లేదు. ఫ్యాను గాలి అల్లిక కన్నుల్లోంచి కిందికీ పోతుంది. దీన్ని కొన్నదే అందుకు. మొదటి మూడేళ్ళూ నాకు దీనిమీద ఒక్క ఫిర్యాదూ లేదు.

నాలుగో ఏడు వానల్లో సీటు కాస్త గిన్నెలా దిగింది. పేము కదా, తేమకు సాగుతుందిలే అనుకున్నాను. కిందటేడు ఒక సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే వెనక అంచున టప్పుమని చప్పుడు. లేచి చూస్తే అల్లిక ఒక పక్క పూర్తిగా ఊడి లేచి ఉంది. ఎవరూ ఎక్కి నిలబడలేదు, ఎవరూ గెంతలేదు. ఒక్క పోగూ తెగలేదు కూడా. చట్రం చుట్టూ ఒక గాడి తవ్వి, మిషను మీద నేసిన పేము షీటును అందులోకి నొక్కి, పైన సన్నని బద్ద పెట్టి జిగురుతో అంటించారట. ఆ జిగురు వదిలేసింది.

కొన్న దుకాణానికి ఫోను చేస్తే కుర్చీ మొత్తం పంపమన్నారు. వాళ్ళు చెప్పిన ఖర్చు కొన్న ధరలో సగానికి దగ్గర.

చివరికి తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్దాయన దొరికారు. చిన్నప్పుడే చూపు పోయింది. చూపు లేనివారికి కుర్చీలల్లడం నేర్పి, ప్రభుత్వ కార్యాలయాల్లో ఆ పనికే ఉద్యోగాలిచ్చిన రోజుల్లో చేరి, రిటైరయ్యారు. మనవడి చెయ్యి పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కుర్చీని తిరగేసి చట్రం చుట్టూ బొటనవేలితో ఒకసారి తడిమి, ఆగి, మళ్ళీ తడిమారు.

“కన్నాలు ఎక్కడమ్మా?” అన్నారు.

నా ఫిర్యాదు మొత్తం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. చేతితో అల్లే కుర్చీకి చట్రం పొడవునా కన్నాలుంటాయి. పేము పాడైతే పాతది లాగేసి, అవే కన్నాల్లోంచి కొత్తది అల్లుకుంటారు. స్విస్ ఆర్కిటెక్టు పియర్ జెన్నరె చండీగఢ్ కోసం చేయించిన ఆ అసలు కుర్చీల తెలివి అక్కడే ఉందని నాకిప్పుడు అనిపిస్తుంది. మన టేకు, మన పేము, ఊళ్ళో వడ్రంగి చేయగల అతుకులు. పాడైతే ఆ ఊళ్ళోనే బాగుచేసుకోవచ్చు. నాకు అమ్మినవాళ్ళు కాళ్ళ వాలును జాగ్రత్తగా దించారు. వీపు వెనక తెల్లరంగుతో ఆఫీసు నంబరు లాంటి అంకెలు కూడా వేశారు. అసలు కుర్చీలమీద ఆ నంబర్లు సామాను లెక్క కోసం వేసినవి. ఆ కుర్చీలు తుక్కు కింద వేలంలో పోయి, విదేశాల్లో లక్షలు పలికి, చివరికి 2011లో కేంద్ర హోం శాఖ వాటి అమ్మకాలకు అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. ఏ ఆఫీసు మొహమూ చూడని నా కుర్చీకి నంబరు ఉంది, కన్నాలు లేవు.

వడ్రంగిని పిలిపించి గాడిని టేకు బద్దతో పూడ్పించి, అదే వరుసలో 130కి పైగా కన్నాలు వేయించాను. పెద్దాయన మూడు రోజులు వచ్చారు. పేమును నీళ్ళలో నానబెట్టి, నిలువు రెండు వరుసలు, అడ్డం రెండు, ఐమూల అటొకటి ఇటొకటి. పోగు బిగుతుగా ఉన్నదీ లేనిదీ గోటితో మీటి విని తెలుసుకునేవారు. వదులుగా ఉంటే ఆ చప్పుడు మందంగా వస్తుంది. రెండో రోజుకు నాకూ తేడా తెలిసింది.

వెళ్తూ ఒక చిట్కా చెప్పారు. సీటు దిగినట్టనిపిస్తే కుర్చీని బోర్లించి, అడుగువైపు తడిగుడ్డ అరగంట వేసి, నీడలో ఆరనివ్వాలట. పైవైపు నునుపుగా ఉంటుంది కాబట్టి నీళ్ళు పీల్చదు, అడుగువైపు పీలుస్తుంది. ఆరేటప్పుడు పేము ముడుచుకుని బిగుస్తుంది. ఈ వానాకాలం రెండుసార్లు చేశాను. మర్నాటికి డప్పులా మోగింది.

ఇక వెనక్కి తీసుకున్న మాటలు. ఎవరికైనా హాయిగా ఉంటుందని అప్పట్లో అన్నాను. మా అత్తగారు ఇందులో కూర్చుంటే లేవడానికి ఎవరైనా చెయ్యి అందించాలి. సీటు తక్కువ ఎత్తు, వీపు వెనక్కి వాలి ఉంటుంది. కంప్యూటర్ ముందు పని చేసుకోవడానికి పనికిరాదు. బరువూ ఎక్కువే. ఇల్లు తుడిచే మనిషి దీన్ని జరపడం మానేసి చుట్టూ తుడుస్తుంది.

మళ్ళీ కొంటానా అంటే, మా ఇంట్లో ఉండేది ముగ్గురం, చిన్నపిల్లలు లేరు, ఉక్కపోత ఊరు కాబట్టి కొంటాను. కానీ ముందు దుకాణంలోనే తిరగేసి కన్నాలున్నాయో లేదో చూస్తాను. అల్లేవాళ్ళు దొరకని ఊళ్ళో ఉంటే అదీ ఆలోచించుకోవాలి.

వీపు వైపు ఇంకా ఆ జిగురు షీటే ఉంది. పెద్దాయన దాన్నీ వేలితో నొక్కి చూసి, “సంక్రాంతి దాకా ఆగుతుందిలే అమ్మా” అన్నారు.