కాలనీ గ్రంథాలయానికి డబ్బు: సెస్సా, కంపెనీ నిధులా, చందాలా?

విశాఖలో కాలనీ సంఘాల వారు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. గది ఉంది, పుస్తకాలు ఇచ్చేవారూ ఉన్నారు. డబ్బు కోసం ఎవరిని అడగాలి?

నేను ముందుగా చూసేది ఒక్కటే. సాయంత్రం వచ్చి తలుపు తీసే మనిషికి మూడేళ్ల తర్వాత కూడా జీతం ఎక్కడి నుంచి వస్తుంది? భవనానికీ బీరువాలకూ ఒకసారి ఖర్చు పెడితే సరిపోతుంది, వాటికి దాతలు కూడా దొరుకుతారు. జీతం, కరెంటు బిల్లు, పత్రికల బిల్లు మాత్రం నెలనెలా కట్టవలసినవే. మూతపడిన గ్రంథాలయాల్లో పుస్తకాలు ఉంటాయి, తలుపు తీసేవారే ఉండరు.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఏయే పనులకు ఖర్చు పెట్టవచ్చో చెప్పే జాబితా, అంటే కంపెనీల చట్టం 2013లోని ఏడో షెడ్యూల్‌లో, గ్రంథాలయాల ఏర్పాటు కూడా ఉంది. ఆ నిబంధన వర్తించే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. పెద్ద పరిశ్రమలున్న మన నగరంలో ఇది ఆశ కలిగించే దారే. కానీ బయటి సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే ఆ సంస్థకు సాధారణంగా మూడేళ్ల అనుభవం, ఆదాయపు పన్ను నమోదులు ఉండాలి. నిన్న పుట్టిన కాలనీ సంఘానికి అవి ఉండవు. పైగా కొనసాగే ప్రాజెక్టుకు కూడా మొదలుపెట్టిన సంవత్సరం కాక మరో మూడేళ్లే గడువు. కుర్చీలు, కంప్యూటర్ల కోసం తప్పక అడగండి. జీతానికి మాత్రం ఈ డబ్బును నమ్ముకోవద్దు.

చందాల బలం వేరు. వంద ఇళ్లు నెలకు వంద రూపాయలు ఇస్తే పదివేలు వస్తాయి, పూట పనిచేసే మనిషి జీతం గడుస్తుంది. చందా కట్టినవారు తలుపు మూసి ఉంటే ఊరుకోరు, అదే పెద్ద కాపలా. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం దాతల అండతోనే ఇన్నేళ్లు నిలిచింది. కానీ దాతలతో పెరిగిన రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం 1979లో ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఇంకో చిక్కు కూడా ఉంది. స్తోమత ఉన్న సీతమ్మధారలో పోగయ్యే చందా ఆరిలోవ కొండవాలు ఇళ్లలో పోగవదు. ఇంట్లో కూర్చుని చదువుకునే చోటు లేక, డీఎస్సీకో గ్రూప్‌-2కో సిద్ధమయ్యే పిల్లలు ఎక్కువగా ఉండేది అక్కడే.

అందుకే నా మొగ్గు సెస్సు వైపు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నుపై రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతాయి. 6,000 రూపాయల పన్నుపై అది 480 రూపాయలు. ఇది మనం ఇప్పటికే కడుతున్న డబ్బు, ఏటా వచ్చే డబ్బు. ధనిక వీధిలో వసూలైన పైసలతో పేద వీధిలో గ్రంథాలయం నడపగలిగేది ఇదొక్కటే. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు, జిల్లాలో ప్రభుత్వ గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చేయకపోవడం రాష్ట్రమంతటా పాత జబ్బే. దానికీ మందు ఉంది. ఎంత వసూలైంది, ఎంత జమైంది అని సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పది కాలనీలు ఒకే వారంలో అడిగితే ఆ లెక్కను దాటవేయడం కష్టం.

ఈ డబ్బు నేరుగా మీ సంఘానికి రాదు. గ్రంథాలయ సంస్థే శాఖనో, తన పుస్తకాలు ఉంచి పాఠకులకు ఇచ్చే చిన్న బుక్ డిపాజిట్ కేంద్రాన్నో మీ దగ్గర తెరవాలి. అద్దె లేకుండా గది ఇస్తామన్న ఉత్తరం, పాఠకుల సంతకాలు పట్టుకుని వెళ్లండి. మంజూరయ్యే దాకా చందాలతో నడపండి, మంజూరైన తర్వాత కూడా చందాను ఆపవద్దు. పత్రికలకూ కొత్త పుస్తకాలకూ అది అక్కరకు వస్తుంది.

ఎంపీ నిధులు, గ్రంథాలయాలకు తోడ్పడే కేంద్ర ప్రభుత్వ సంస్థ రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సాయం కూడా ఉన్నాయి. భవనానికీ పుస్తకాలకూ పనికొస్తాయి, నెల జీతానికి కాదు.