ఉత్త సూదులా, కరెంటు సూదులా?

మా చిన్నమ్మను మర్రిగూడ నుంచి హైదరాబాద్‌కు తిప్పి ఒళ్లు నొప్పులకు సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ వైద్యం చేయించామని తెలిసినప్పటి నుంచి చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: సూదులకు కరెంటు పెట్టించాలా, వద్దా?

ముందు ఒక మాట. మన నల్లగొండ వైపు ఏళ్ల తరబడి ఒళ్లు నొప్పులంటే ఫ్లోరోసిస్, అంటే నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు దెబ్బతినే జబ్బు, సంగతి తేల్చుకోవాలి. మెడ తిరగక, నడుం వంగక బిగుసుకుపోతే ఎక్స్‌రే తీయించండి. ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను ఏ సూదీ తీయలేదు. చిన్నమ్మకు ఎక్స్‌రే, థైరాయిడ్, విటమిన్ డి అన్నీ చూశాకే ఫైబ్రోమయాల్జియా అన్నారు, అంటే ఒళ్లంతా నొప్పులు, నీరసం, నిద్ర పట్టకపోవడం వదలని జబ్బు.

ఉత్త సూదులైతే గుచ్చి వేళ్లతో తిప్పుతారు. అంతా గుచ్చేవాళ్ల చేతి నేర్పు మీదే. రెండో పద్ధతిలో మోకాలి కింద ఒకటి, చీలమండ పైన ఒకటి గుచ్చి, రెండింటికీ క్లిప్పులు తగిలించారు. నాబ్ తిప్పుతుంటే పిక్క కండ టకటకా ఎగిరింది. "చీమలు పారినట్టున్నది బిడ్డా" అన్న మనిషి కాసేపటికి కునుకు తీసింది.

నేను కరెంటు వైపు మొగ్గింది ఇందుకే: దానికి లెక్క ఉంది. సెకనుకు 2 సార్లు కొడితే ఎన్‌కెఫలిన్, బీటా ఎండార్ఫిన్, 100 సార్లు కొడితే డైనార్ఫిన్ విడుదలవుతాయని చైనా శాస్త్రవేత్త హాన్ జిషెంగ్ బృందం చూపింది. ఇవన్నీ నొప్పిని అణిచే, ఒంట్లోనే పుట్టే నల్లమందు లాంటివి. ఈ వారం సరిపడిన మోతాదే వచ్చే వారమూ పెట్టొచ్చు.

వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష 2013లో ఈ జబ్బుకు సూదులు గుచ్చి చూసిన 9 పరీక్షలను, 395 మందిని కలిపి చూసింది. నొప్పి, బిగుతు, నిద్ర, నీరసం, నాలుగింట్లోనూ కరెంటుదే పైచేయిగా కనిపించింది. ఉత్త సూదులతో నొప్పి పెద్దగా తగ్గలేదు. కాకపోతే పరీక్షలన్నీ చిన్నవి. మేలు కూడా నెల దాకానే, ఆరు నెలలకు నిలవలేదు.

అందుకే ఆ నెలలోనే నడక మొదలుపెట్టించాం. నొప్పితో గడప దాటని చిన్నమ్మ మొదట గుడి దాకా, తర్వాత చెరువు కట్ట దాకా పోయింది. యూరప్ రుమటాలజీ నిపుణులు ఈ జబ్బుకు గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కటే. సూదులకు వాళ్లిచ్చింది అరకొర మార్కులే.

నొప్పికిచ్చే ప్రిగాబలిన్ మాత్రలు కొందరికి పనిచేస్తాయి, కానీ మత్తు రావచ్చు. సూదుల్లేకుండా చర్మం మీద ప్యాడ్లు అంటించి కరెంటు ఇచ్చే టెన్స్ మిషన్ చవక, ఇంట్లోనే పెట్టుకోవచ్చు, అంతకు మించి చెప్పేదేం లేదు.

గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కరెంటు జోలికి పోవద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే సూది గుచ్చకముందే చెప్పాలి.