పులుసు ఇంట్లో, కారం దోసె బయట

నెల రోజుల కిందట నలుగురం నెల్లూరులో ఒక ఏసీ హోటల్‌కి వెళ్లాం. చేపల పులుసు రెండు ప్లేట్లు, బిర్యానీ ఒకటి, అన్నం, నీళ్ల సీసాలు. జీఎస్టీతో కలిపి బిల్లు 1,480 రూపాయలు. ప్లేటుకు రెండేసి చేప ముక్కలు, గరిటెతో కలిపి చూసినా మామిడికాయ జాడ లేదు. నెల్లూరులో కూర్చుని ఇదేం పులుసని మా ఆవిడ పెదవి విరిచింది.

తర్వాతి ఆదివారం మార్కెట్‌కి వెళ్లి బతికున్న కొర్రమీను తెచ్చాను. కిలోంబావు, కోయించిన కూలితో సహా 600. చింతపండు, మామిడికాయ, నూనె, గ్యాస్ అన్నీ వేసుకున్నా 750 దాటలేదు. మధ్యాహ్నం తిన్నాం, రాత్రి తిన్నాం, సోమవారం పొద్దున ఇడ్లీలోకి వేసుకున్నాం. అసలు రుచి ఆ సోమవారానిదే. రాత్రంతా దాకలో ఊరి, ముక్క లోపలికంటా పులుపూ కారమూ పట్టి ఉంటాయి.

ఈ లెక్కలో నేనొకటి దాచాను. కొర్రమీను జిగురు ఊరికే పోదు. రాళ్లుప్పు వేసి రుద్దాలి, కడగాలి, మళ్లీ రుద్దాలి. ఆ తర్వాత వంట, గిన్నెలు, ఇల్లంతా నీచు వాసన. ఆ పనంతా మా ఆవిడే చేసింది. ఆమె కూలి కూడా కడితే హోటల్‌కీ ఇంటికీ తేడా చాలావరకు కరిగిపోతుంది. నేను మాత్రం సంచీ మోసి, చవకగా అయిందని లెక్కలు చెప్పాను.

కారం దోసె సంగతి వేరు. పిండి నానబెట్టి రుబ్బి, ఎర్రకారం నూరి, పప్పుల పొడి కొట్టి, ఇంత చేసి నాలుగు దోసెలా? పొద్దుటి నుంచి కాలుతున్న బండివాడి ఇనప పెనం మీద వచ్చే కరకర మన నాన్‌స్టిక్ మీద రానే రాదు. మా వీధి చివర 60 రూపాయలకు నెయ్యి వేసి మరీ ఇస్తాడు. దానికి ఇంట్లో తంటాలు పడటం దండగ.

ఓపిక లేని రోజున కర్రీ పాయింట్ ఉంది. కుక్కర్లో అన్నం పడేసి, ఒక పప్పు, ఒక వేపుడు ప్యాకెట్ తెచ్చుకుంటే పూట గడుస్తుంది. పప్పు పలుచన, వేపుడులో నూనె ఎక్కువ. వారానికి ఒకసారైతే సరే.

యాప్‌లో తెప్పించుకోవడం నాకు అన్నిటికన్నా నష్టంగా కనిపిస్తుంది. చాలాచోట్ల మెనూ ధరే పెంచి పెడతారు, పైన ప్యాకింగ్, డెలివరీ. దోసె చేరేసరికి మెత్తబడి ఉంటుంది.

హోటల్‌కే వెళ్తే బిల్లు ఒకసారి చూసుకోండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. కాంపొజిషన్ స్కీమ్‌లో, అంటే తన అమ్మకాల మీద పన్ను తానే కట్టుకునే పద్ధతిలో ఉన్న చిన్న హోటల్, మన దగ్గర అసలు జీఎస్టీ వసూలు చేయకూడదు. సర్వీస్ ఛార్జీని అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో చేప తెస్తే ఉప్పు రుద్దడం, గిన్నెలు తోమడం నా వంతు. ఓపిక లేదంటే ఆ సాయంత్రం దోసె బండికి.