ఇంజిన్‌ఎక్స్ మెమ్‌క్యాష్డ్ మాడ్యూల్: పేజీ వస్తుంది, కోడ్ మాత్రం 404

ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్, మెమ్‌క్యాష్డ్ అనే మెమరీ క్యాష్‌లో దాచిన పేజీలను నేరుగా పంపేందుకు వాడే భాగం ఇది. రద్దీ సైట్ల ముందు ఈ మాడ్యూల్‌ని ఏళ్ల తరబడి వాడాక చెప్పగలిగేది: వేగానికి వంక పెట్టలేం. కీ (క్యాష్‌లో పేజీని దాచిన పేరు) దొరికితే అప్లికేషన్‌ని, అంటే సైట్ నడిపే ప్రోగ్రామ్‌ని, కదిలించకుండానే జవాబు వెళ్లిపోతుంది. తంటా అంతా దొరకనప్పుడే.

కీ లేకపోతే మాడ్యూల్ 404 ("పేజీ లేదు" అనే స్టేటస్ కోడ్) ఇస్తుంది. మెమ్‌క్యాష్డ్ పడిపోతే 502, జవాబు రాక గడువు దాటితే 504. వీటిని సెట్టింగుల్లోని ఎర్రర్_పేజ్ ఆదేశంతో పట్టుకుని అప్లికేషన్‌కి మళ్లిస్తాం. ఆ లైన్‌ని "ఎర్రర్_పేజ్ 404 502 504 @ఫాల్‌బ్యాక్" (@ఫాల్‌బ్యాక్ అనేది రిక్వెస్ట్‌ని అప్లికేషన్‌కి పంపే లొకేషన్, అంటే సెట్టింగుల్లో ఒక విభాగం) అని వదిలేస్తే పేజీ చక్కగా తెరుచుకుంటుంది, స్టేటస్ మాత్రం మొదటి 404 గానే పోతుంది. చూసేవాళ్లకి తేడా తెలియదు, సెర్చ్ ఇంజిన్లు మాత్రం ఆ పేజీ లేదనుకుంటాయి. యాడ్_హెడర్ ఆదేశంతో పెట్టిన హెడర్లూ (జవాబుతో పాటు వెళ్లే అదనపు సమాచారం) ఎగిరిపోతాయి, ఎందుకంటే "ఆల్వేస్" చేర్చకపోతే అవి 404కి అంటవు.

మందు ఒక్క సమానం గుర్తు: "404 502 504 = @ఫాల్‌బ్యాక్". గుర్తుకీ పేరుకీ మధ్య ఖాళీ ఉండాలి. అప్పుడు అప్లికేషన్ ఇచ్చిన కోడే బయటికి వెళ్తుంది. కొందరు "=200" అని రాస్తారు, అది ఇంకా చేటు. నిజంగా లేని పేజీ కూడా 200 (అంతా సరే) అవుతుంది, 302 (వేరే పేజీకి వెళ్లమనే కోడ్) కూడా 200 అయిపోయి లాగిన్ తర్వాత రీడైరెక్ట్ జరగదు, తెల్ల పేజీ మిగులుతుంది.

జాబితాలో 405 కూడా చేర్చండి. ఈ మాడ్యూల్ గెట్, హెడ్ (పేజీని, లేదా దాని హెడర్లని మాత్రమే అడిగే రిక్వెస్ట్‌లు) తప్ప మరేదీ తీసుకోదు, పోస్ట్ పద్ధతిలో ఫారం పంపితే 405 (ఈ పద్ధతి కుదరదు) కొడుతుంది. మళ్లించేది @ పేరున్న లొకేషన్‌కే కావాలి. మామూలు యూఆర్ఐకి (వెబ్ చిరునామాకి) మళ్లిస్తే పోస్ట్ కాస్తా గెట్‌గా మారుతుంది.

సమానం గుర్తు కూడా కాపాడలేని చోటు ఒకటుంది. మెమ్‌క్యాష్డ్‌లో ఉండేది పేజీ ఒక్కటే, దాని స్టేటస్ కాదు. అప్లికేషన్ తన 404 పేజీని కూడా అందులో రాసేస్తే, రెండోసారి అడిగినవాళ్లకి అదే పేజీ 200తో వెళ్తుంది. కాబట్టి 200 వచ్చిన పేజీలనే క్యాష్‌లో రాయాలి, ఆ షరతు అప్లికేషన్ కోడ్‌లోనే ఉండాలి. కంటెంట్ టైప్ కూడా క్యాష్‌లో ఉండదు, ఆ లొకేషన్‌లో డిఫాల్ట్_టైప్‌ని హెచ్‌టీఎంఎల్‌గా పెట్టకపోతే బ్రౌజర్ పేజీని డౌన్‌లోడ్ చేసే ప్రమాదముంది.

లాగ్‌లో $స్టేటస్ (బయటికి వెళ్లిన కోడ్) పక్కన $అప్‌స్ట్రీమ్_స్టేటస్ (మెమ్‌క్యాష్డ్, ఆ తర్వాత అప్లికేషన్ ఇచ్చిన కోడ్లు) కూడా పెట్టుకోండి. "404 : 200" అని ఉండి $స్టేటస్ 200 అయితే ఫాల్‌బ్యాక్ సరిగ్గా ఉన్నట్టు. $స్టేటస్ 404 అయితే సమానం గుర్తు మర్చిపోయినట్టే.

కనెక్ట్ టైమవుట్ డిఫాల్ట్ 60 సెకన్లు. క్యాష్ మెషీన్ మొత్తం ఆగిపోతే ప్రతి రిక్వెస్టూ అంతసేపటి దాకా వేలాడి, ఆ తర్వాతే ఫాల్‌బ్యాక్‌కి వెళ్లొచ్చు. పక్క మెషీన్‌లోనే ఉండే క్యాష్‌కి 100 మిల్లీసెకన్లు చాలు.

పేజీలను అప్లికేషనే రాసి, అదే తుడిచేయాల్సిన సైట్లకి ఈ మాడ్యూల్ బాగుంటుంది. ఆ అవసరం లేనివాళ్లు ప్రాక్సీ క్యాష్ (ఇంజిన్‌ఎక్స్ తనే జవాబులను దాచుకునే పద్ధతి) పెట్టుకోవడం మేలు, అది స్టేటస్‌నీ హెడర్లనీ పేజీతో పాటే దాచుకుంటుంది.