ఏడు క్రిస్మస్‌లు ఈ ఓటీజీతోనే

2018 నవంబర్‌లో నల్లగొండలో కొన్న 28 లీటర్ల ఓటీజీ ఇది, అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్. కేకుల కోసం కొనలేదు. జడ బ్రెడ్, నక్షత్రం బ్రెడ్, గుండ్రటి దండ బ్రెడ్ క్రిస్మస్‌కు ఇంట్లోనే చేయాలని కొన్నాను. ఏటా డిసెంబర్ మొదటి వారం నుంచి సంక్రాంతి దాకా వారానికి రెండు మూడు సార్లు వాడతాను. ఇప్పటికి ఏడు సీజన్లు అయ్యాయి. కంపెనీ పేరు రాయడం లేదు. మా చెల్లె దగ్గర వేరే కంపెనీది ఇదే సైజుది ఉంది, దాని తీరూ ఇంతే.

కేకు ఒక పక్క కాస్త మాడినా క్రీమ్ రాస్తే కనిపించదు. జడ బ్రెడ్‌లో అలా కుదరదు, ప్రతి పాయా పైకే కనిపిస్తుంది. నా ఓటీజీలో వెనక కుడి మూల వేడి ఎక్కువ. మొదటి ఏడాది చర్చికి తీసుకెళ్లాలని చేసిన దండ ఒక పక్క బంగారు రంగులో, ఇంకో పక్క కాఫీ గింజ రంగులో వచ్చింది. చాలా బాధపడ్డాను. తర్వాత ఓవెన్ థర్మామీటర్ కొని లోపల పెట్టి చూస్తే, వేడి నాబ్ 180 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు లోపల 200 దాటుతోంది! ఇప్పుడు నాబ్ 160 దగ్గర ఉంచి 20 నిమిషాలు ముందే వేడి చేస్తాను. ట్రే కింది నుంచి రెండో గాడిలో పెట్టి, 12 నిమిషాలకు ఒకసారి తిప్పుతాను. రంగు వచ్చాక పైన ఫాయిల్ కప్పుతాను. మొత్తం 25 నుంచి 28 నిమిషాలు. బ్రెడ్ మధ్యలో గుచ్చే థర్మామీటర్ 88 నుంచి 90 డిగ్రీలు చూపిస్తే లోపల ఉడికినట్టే. ఓటీజీ కొనేవాళ్లు ఈ రెండు థర్మామీటర్లు కూడా అదే రోజు కొనుక్కోండి.

నాకు ఈ మెషీన్ ఎక్కువగా ఉపయోగపడింది మాత్రం కరెంటు పెట్టకుండానే. ఏప్రిల్‌లో మా వంటింట్లో పిండి ముప్పావు గంటలో రెండింతలు అవుతుంది. డిసెంబర్ పొద్దున రెండు గంటలైనా పొంగదు. మొదట్లో తొందరపడి గిన్నెను ఓటీజీలో పెట్టి నాబ్ తిప్పి వేడి పెట్టాను. వెన్న కరిగి గిన్నె అడుక్కి చేరింది, పిండి చచ్చుబడింది. ఈస్ట్ 55 డిగ్రీలు దాటితే చనిపోవడం మొదలవుతుందని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు స్విచ్ వేయను. మరిగిన నీళ్లు ఒక గిన్నెలో పోసి కింద పెడతాను, పిండి గిన్నె పైన పెట్టి తలుపు మూస్తాను. లోపల 28, 30 డిగ్రీల మధ్య ఉంటుంది. గంటకు కాస్త అటూ ఇటూగా పొంగుతుంది.

పిండి కొలత కూడా చెప్పాలి, ఎందుకంటే ఆకారం చెదిరితే మొదట్లో నేను ఓవెన్‌నే తప్పుపట్టేదాన్ని. 500 గ్రాముల మైదా, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, చక్కెర 60, వెన్న 60, ఉప్పు 8 గ్రాములు, ఒక గుడ్డు, సుమారు 230 మిల్లీలీటర్ల పాలు. బ్రెడ్ మెత్తగా రావాలని పాలు ఎక్కువ పోస్తే పాయలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అల్లిన తర్వాత రెండోసారి పొంగేటప్పుడు రెండింతలు కానివ్వకూడదు. వేలితో నొక్కితే గుంట మెల్లగా సగం పూడినప్పుడే ఓవెన్‌లో పెట్టాలి. మరీ తొందరపడితే అతుకుల దగ్గర చీలుతుంది.

పాయలు సాగదీయడం నాకు నేర్పింది మా అత్తమ్మ. ఆమె ఏనాడూ ఈస్ట్ ముట్టుకోలేదు. కానీ యాభై ఏళ్లుగా సంక్రాంతికి సకినాలు చుట్టిన చేతులు కదా, పాయ మొదలు నుంచి చివరి దాకా ఒకే లావు వస్తుంది. నేను లాగితే పిండి వెనక్కి ముడుచుకునేది. "గుంజకు బిడ్డా, కొంచెం సేపు పెట్టు, దానంతట అదే సాగుతది" అంది. పది నిమిషాలు గుడ్డ కప్పి ఉంచితే నిజంగానే సాగుతుంది. మైదాలోని జిగురు పట్టు సడలడానికి ఆ విరామం కావాలి.

ఈ సైజు ఓటీజీకి చిన్న ఆకారాలే బాగా నప్పుతాయి. స్వీడన్‌లో డిసెంబర్ 13న లూసియా పండుగకు చేసే కుంకుమపువ్వు బన్నులు నాకు ఎప్పుడూ చెడిపోలేదు. పాయ రెండు కొసలనూ ఎదురెదురు దిక్కులకు చుట్టి, ఒక్కో చుట్ట మధ్యలో ఒక కిస్మిస్ గుచ్చాలి. నక్షత్రం బ్రెడ్ 26 సెంటీమీటర్లు దాటితే కొనలు మాడతాయి. ఒక బంతి మీద ఇంకో చిన్న బంతి నిలబెట్టే జ్వీబాక్ కూడా చేస్తాను. అది రష్యాలోని మెనోనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల ఇంటి బన్ను. 1889లో రష్యా నుంచి మన దేశానికి వచ్చి నల్లగొండలో పనిచేసిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు ఆ మెనోనైట్లే. అది చదివాక ఆ బన్ను మీద నాకు ప్రేమ పెరిగింది. పై బంతి ఓవెన్‌లో పైన వేడెక్కే రాడ్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి దీనికి ట్రే ఒక గాడి కిందికి దించాలి.

ఇక లోపాలు. టైమర్ నమ్మలేం, ఫోన్‌లో పెట్టుకుంటాను. దాంతో వచ్చిన ట్రే రెండో ఏడాదికే వంగింది. మూడో ఏడాది డిసెంబర్ 23న కింది రాడ్ పోయింది. కొన్న షాపులో అడిగితే సర్వీసుకు రెండు వారాలు పడుతుందన్నారు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది, ఆ ఏడు దండ బ్రెడ్ చెల్లె ఇంట్లో చేసుకొచ్చాను. పండుగ అయ్యాక మా వీధి ఎలక్ట్రీషియన్ గంటలో కొత్త రాడ్ బిగించాడు, ఇప్పటికీ అదే నడుస్తోంది.

మళ్లీ కొనాల్సి వస్తే 40 లీటర్లది, లోపల ఫ్యాన్ ఉన్నది తీసుకుంటాను. ప్రస్తుతానికి దీన్ని మార్చే ఆలోచన లేదు. ఈ డిసెంబర్ కోసం స్పేర్ రాడ్ ఒకటి ముందే కొని అటక మీద పెట్టాను.